ఆలస్యం కాదు, నిషేధం: ఫొర్మీగా క్రీడాజీవితం చెప్పే చరిత్ర

కొన్నేళ్ళ కిందట సాహిత్య విద్యార్థుల అధ్యయన తరగతుల్లో "ఆట - సమాజం" అనే అంశం మీద నేను మాట్లాడాను. ఉదాహరణగా బ్రెజిల్ ఫుట్‌బాల్‌ను తీసుకున్నాను. 1888 దాకా బానిసత్వం చట్టబద్ధంగా ఉన్న దేశంలో తెల్లజాతి సంపన్నుల క్లబ్బుల ఆటను నల్లజాతి శ్రామికులు ఎలా తమ సొంతం చేసుకున్నారో చెప్పాను. 1970 ప్రపంచ కప్పు విజయాన్ని మెడిసి సైనిక ప్రభుత్వం తన ప్రతిష్ఠ కోసం ఎలా వాడుకుందో చెప్పాను. 1980ల మొదట్లో కొరింథియన్స్ క్లబ్బులో సోక్రటీస్, అతని సహచరులు క్లబ్బు వ్యవహారాలన్నీ ఓట్లు వేసి నిర్ణయించుకుంటూ, నియంతృత్వంలో ఉన్న దేశానికి ప్రజాస్వామ్యమంటే ఏమిటో మైదానం నుంచి ఎలా గుర్తు చేశారో చెప్పాను. ప్రసంగం బాగానే సాగిందనుకున్నాను. చివర్లో ఒక అమ్మాయి లేచి, "మీరు చెప్పిన చరిత్రలో ఆడవాళ్ళు లేరేం మాష్టారూ? అక్కడ వాళ్ళు ఆడలేదా?" అని అడిగింది. "అక్కడ స్త్రీల ఫుట్‌బాల్ చాలా ఆలస్యంగా మొదలైందమ్మా" అని చెప్పి కూర్చున్నాను.

ఆ జవాబు తప్పు. తెలియక చెప్పిన తప్పే అయినా, ఊరికే పోయే తప్పు కాదు. "ఆలస్యంగా మొదలైంది" అన్నప్పుడు మనం ఒక సంఘటన గురించి చెప్పటం లేదు, ఒక స్వభావం గురించి చెబుతున్నాం. వాళ్ళకు ఆసక్తి లేదనీ, శక్తి లేదనీ, కాలం పండాక ఎప్పుడో వచ్చి చేరారనీ ఆ మాటకు అర్థం. బ్రెజిల్‌లో జరిగింది అది కాదు. అక్కడ స్త్రీలు ఆడారు. ఆడుతున్నవాళ్ళను చట్టం చేసి ఆపారు. ఆ చట్టం ముప్ఫై ఎనిమిదేళ్ళకు పైగా అమల్లో ఉంది. ఈ సంగతి నాకు ఒక క్రీడాకారిణి జీవితం చదువుతుంటే తెలిసింది. ఆమె పేరు మిరాయిల్డిస్ మాసియెల్ మోటా. ప్రపంచం ఆమెను ఫొర్మీగా అంటుంది. పోర్చుగీసు భాషలో ఆ మాటకు చీమ అని అర్థం. ఆనాడు ఆ అమ్మాయికి ఇవ్వవలసిన జవాబును ఇప్పుడు రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి చూద్దాం. 1921లోనే సావో పాలో నగరంలో రెండు స్త్రీల జట్ల మధ్య ఆట జరిగినట్టు పత్రికల్లో నమోదైంది. ఆ తర్వాత సర్కస్ డేరాల్లో వినోద ప్రదర్శనగా కూడా స్త్రీలు బంతి ఆడారు. 1930ల చివరికి రియో నగర శివార్లలో, కార్మిక కుటుంబాలు నివసించే పేటల్లో, స్త్రీల జట్లు ఏర్పడ్డాయి. 1940లో అవి సావో పాలో వెళ్ళి, అప్పుడే కొత్తగా కట్టిన పకయెంబు మైదానంలో ఆడాయి. సరిగ్గా ఆ ఏడే ఒక పౌరుడు దేశాధ్యక్షుడు జెటూలియో వర్గాస్‌కు ఉత్తరం రాశాడు. ఈ ఆట స్త్రీల శరీర వ్యవస్థను దెబ్బ తీస్తుందనీ, ప్రకృతి వాళ్ళను తల్లులు కావటానికి సృష్టించిందనీ, ఇది వ్యాపించకముందే ఆపాలనీ దాని సారాంశం. ఆ ఉత్తరం ప్రభుత్వ కార్యాలయాలకు చేరింది, పత్రికలకూ ఎక్కింది. 1941 ఏప్రిల్ 14న వర్గాస్ నియంతృత్వ ప్రభుత్వం 3199వ నంబరు శాసనం జారీ చేసింది. దేశంలోని క్రీడలన్నిటినీ ఒక జాతీయ క్రీడామండలి అదుపు కిందికి తెచ్చిన శాసనమది. అందులో 54వ అధికరణం, స్త్రీలు తమ స్వభావానికి పొసగని క్రీడలు ఆడటానికి వీల్లేదన్నది.

ఇక్కడ "స్వభావం" అనే మాటను గమనించాలి. ఏ ఆట పొసగుతుందో, ఏది పొసగదో ఆ అధికరణం చెప్పలేదు. నిర్ణయించే అధికారాన్ని క్రీడామండలికి వదిలింది. స్వభావమే నిజంగా అడ్డుపడుతుంటే శాసనం దేనికి? చేపలు చెట్లెక్కరాదని ఏ ప్రభుత్వమూ ఉత్తర్వు ఇవ్వదు. లేనిదాన్ని ఎవరూ నిషేధించరు. నిషేధమే ఒక సాక్ష్యం. స్త్రీలు ఆడుతున్నారనీ, చూడటానికి జనం వస్తున్నారనీ, అది పెరుగుతోందనీ ఆ శాసనమే మనకు చెబుతోంది.

1964లో సైన్యం అధికారం చేజిక్కించుకుంది. మరుసటి ఏడు, 1965లో, క్రీడామండలి తన ఏడవ తీర్మానంతో ఆ అస్పష్టతను కూడా తీసేసింది. స్త్రీలకు ఏవేవి కూడదో పేరుపేరునా రాసింది: అన్ని రకాల కుస్తీ పోటీలు, ఫుట్‌బాల్, గచ్చు మీద ఆడే ఫుట్‌బాల్, సముద్రతీరంలో ఆడే ఫుట్‌బాల్, వాటర్ పోలో, పోలో, రగ్బీ, బరువులెత్తటం, బేస్‌బాల్. ఇసుకలో ఆడే బంతిని కూడా వదల్లేదు. అంటే ఇసుకలో కూడా ఆడవాళ్ళు ఆడుతూనే ఉన్నారన్నమాట.

ఈ నిషేధం పనిచేసిన తీరు తెలుసుకోవటం అవసరం. వీధిలో బంతి తన్నిన ప్రతి ఆడపిల్లనూ పోలీసులు పట్టుకుపోయారని కాదు. క్లబ్బు స్త్రీల జట్టును నమోదు చెయ్యలేదు. నమోదు లేదు కాబట్టి మైదానం లేదు. మైదానం లేదు కాబట్టి శిక్షకుడు, న్యాయనిర్ణేత, పోటీ ఏవీ లేవు. జట్టు కాస్త పేరు తెచ్చుకున్న క్షణంలో మాత్రం ఉత్తర్వు వచ్చి వాలుతుంది. 1958 చివర్లో మీనస్ జెరాయిస్ రాష్ట్రంలోని అరగ్వారి పట్టణంలో ఒక బడికి సహాయార్థం అమ్మాయిల ఆట పెట్టారు. జనం విరగబడి వచ్చారు. ఇతర పట్టణాలూ ఆ జట్లను పిలిచాయి. 1959లో క్రీడామండలి కలగజేసుకుంది, ఆ ముచ్చట అంతటితో ముగిసింది. పేరు రానంతవరకే ఆట. పేరు వస్తే నిషేధం. ఇలాంటి ఏర్పాటులో చరిత్ర కెక్కే అవకాశం ఎవరికి ఉంటుంది?

ఇదే కాలంలో బ్రెజిల్ పురుషుల జట్టు 1958, 1962, 1970లలో మూడు ప్రపంచ కప్పులు గెలిచింది. 1950లో మరకానా మైదానం లేచింది. నేను ప్రసంగాల్లో పొగిడే ఆ స్వర్ణయుగం మొత్తం స్త్రీల మీద నిషేధం అమల్లో ఉన్న యుగమే. ఆ రెండు సంగతులనూ ఒకే వాక్యంలో నేను ఏనాడూ చెప్పలేదు. చదివిన పుస్తకాలు చెప్పలేదు గనుక నాకు తట్టలేదు. అదేదో వెనకబడిన దేశపు జబ్బు అనుకోవటానికి కూడా వీల్లేదు. 1920 డిసెంబరులో లివర్‌పూల్ నగరంలో స్త్రీల ఆట చూడటానికి యాభై వేలమందికి పైగా వచ్చిన తర్వాత, 1921లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం తన క్లబ్బుల మైదానాలను స్త్రీలకు మూసివేసింది. అర్ధశతాబ్దం దాకా తెరవలేదు. పశ్చిమ జర్మనీ సంఘం 1955 నుంచి 1970 దాకా అదే పని చేసింది. అక్కడ చేసింది ఫుట్‌బాల్ సంఘాలు. బ్రెజిల్‌లో రాజ్యమే ఆ పని చేసింది.

ఈ నేపథ్యంలో ఫొర్మీగా పుట్టిన తేదీని చూడాలి: 1978 మార్చి 3. ఊరు బహియా రాష్ట్రంలోని సాల్వడోర్. ఆఫ్రికా నుంచి బానిసలను దింపిన ఓడరేవు, నల్లజాతి బ్రెజిల్‌కు గుండెకాయ వంటి నగరం. ఆమె పుట్టేనాటికి ఆడపిల్ల బంతి ఆడటం చట్టవిరుద్ధం. నిషేధాన్ని 1979 చివర్లో రద్దు చేశారు. అప్పటికామెకు రెండేళ్ళు నిండలేదు. స్త్రీల ఫుట్‌బాల్‌కు నిబంధనలు ఏర్పరచి గుర్తింపు ఇచ్చింది 1983లో. అప్పటికామెకు ఐదేళ్ళు. చట్టం పోయినంత మాత్రాన ఇంటి నుంచి, వీధి నుంచి పోదు కదా. అన్నదమ్ములు వద్దన్నారనీ, తల్లి తన పక్షాన నిలిచిందనీ ఆమె తర్వాతి కాలంలో చెప్పుకుంది. మైదానంలో ఒళ్ళు దాచుకోకుండా, తన కోసం కాక జట్టు కోసం ఆడే పద్ధతి చూసి చిన్ననాడే చీమ అని పేరు పెట్టారు.

ఆమె ఆడే చోటు కూడా అటువంటిదే. మైదానం నడుమ, తమ రక్షణ శ్రేణికి కొద్దిగా ముందు నిలబడి, ఎదుటివాళ్ళ దాడిని తుంచి, బంతిని ముందున్నవాళ్ళకు అందించే పని. గోలు వేసినవాళ్ళ పేరు పత్రికల్లో పడుతుంది. ఆ గోలుకు పది అడుగుల వెనక బంతిని చేజిక్కించుకున్నవాళ్ళ పేరు పడదు. మార్తా గోళ్ళ గురించి ప్రపంచమంతా రాసింది. ఆ గోళ్ళ వెనక ఉన్న ఈ శ్రమ గురించి రాసినవాళ్ళు తక్కువ.

ఆమెకు ముందు తరం సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాను. బహియా రాష్ట్రంలోనే 1967లో పుట్టిన సిసీ, బంతి దొరక్క బొమ్మల తలలు పీకి తన్నుతూ ఆడుకున్నది. ఆమె బాల్యమంతా నిషేధంలోనే గడిచింది. 1991లో మొదటి మహిళా ప్రపంచ కప్పుకు వెళ్ళిన బ్రెజిల్ జట్టు, పురుషుల జట్టు వాడి వదిలేసిన దుస్తులు వేసుకుని ఆడింది. 1999 ప్రపంచ కప్పులో నైజీరియా మీద అదనపు సమయంలో ఫ్రీకిక్‌తో గోలు వేసి జట్టును సెమీఫైనల్‌కు చేర్చింది సిసీయే. ఆ పోటీలో ఏడు గోళ్ళు వేసి, చైనాకు చెందిన సున్ వెన్‌తో సమంగా అగ్రస్థానంలో నిలిచింది. ఆనాడు ఆమె గుండుతో ఆడింది. రెండేళ్ళు తిరక్కుండానే, 2001లో, సావో పాలో రాష్ట్ర సమాఖ్య స్త్రీల పోటీ ఒకటి పెట్టి, అందులో గుండు చేయించుకున్నవాళ్ళకు చోటు లేదన్నది. ఆట కంటే అందానికి పెద్దపీట వేసింది. 2015లో సైతం దేశ సమాఖ్యలో మహిళల ఫుట్‌బాల్ బాధ్యతలు చూస్తున్న అధికారి, ఇప్పుడు క్రీడాకారిణులు అలంకరించుకుని అందంగా కనబడుతున్నారని సంతోషించాడు. 1941లో మాతృత్వం పేరు చెప్పినవాళ్ళు 2001లో సౌందర్యం పేరు చెప్పారు. మాట మారింది. స్త్రీ శరీరం మీద తీర్పు చెప్పే హక్కు తమదేనన్న ధోరణి మారలేదు.

1995లో స్వీడన్‌లో జరిగిన ప్రపంచ కప్పుకు ఫొర్మీగా పదిహేడేళ్ళ వయసులో వెళ్ళింది. ఆతిథ్య దేశాన్ని 1-0తో ఓడించిన బ్రెజిల్, తర్వాత జర్మనీ చేతిలో 6-1తో ఓడి మొదటి దశలోనే ఇంటి దారి పట్టింది. ప్రతిభ ఉన్నదనీ, దాని వెనక వ్యవస్థ లేదనీ ఆ రెండు ఫలితాలు పక్కపక్కనే నిలిచి చెబుతాయి. 1996 అట్లాంటాలో స్త్రీల ఫుట్‌బాల్ ఒలింపిక్స్‌లో మొదటిసారి ప్రవేశించింది. ఆమె అక్కడా ఉంది. ఆనాటి నుంచి 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ దాకా ఏడు ఒలింపిక్స్‌లోనూ ఆడింది. 1995 నుంచి 2019 దాకా ఏడు ప్రపంచ కప్పులూ ఆడింది. 1999లో మూడో స్థానం, 2004 ఏథెన్స్‌లో రజతం, 2007 ప్రపంచ కప్పులో రెండో స్థానం, 2008 బీజింగ్‌లో మళ్ళీ రజతం. రెండు ఒలింపిక్ ఫైనల్సూ అమెరికా చేతిలో అదనపు సమయంలో పోయాయి.

వీటిలో 2007 దగ్గర కాసేపు ఆగాలి. ఆ జూలైలో రియోలో జరిగిన పాన్ అమెరికన్ క్రీడల ఫైనల్‌లో బ్రెజిల్ స్త్రీలు అమెరికాను 5-0తో ఓడించారు. వేదిక మరకానా. చూసినవారు అరవై వేలకు పైనే. స్త్రీల ఆట ఎవరు చూస్తారని దశాబ్దాలుగా అడుగుతున్నవాళ్ళకు ఆ రోజు జవాబు దొరికింది. రెండు నెలల తర్వాత చైనాలో ప్రపంచ కప్పు. సెమీఫైనల్‌లో అమెరికాను 4-0తో చిత్తు చేశారు. ఫైనల్‌లో జర్మనీ చేతిలో 2-0తో ఓడారు. పతకాలు అందుకునే వేళ ఆ క్రీడాకారిణులు ఒక గుడ్డ పట్టుకుని నిలబడ్డారు. దాని మీద, తమకు మద్దతు కావాలని తమ దేశాన్నే అడుగుతున్న మాట రాసి ఉంది. ప్రపంచంలో రెండో స్థానంలో నిలిచిన జట్టు సొంత దేశాన్ని పరాయి గడ్డ మీద నిలబడి అర్థించవలసి వచ్చింది. ఓటమి వేళ పట్టుకున్న ఆ గుడ్డను ఆ జట్టు చరిత్రలో అతి ముఖ్యమైన పత్రంగా నేను భావిస్తాను. ఆ ఏడాదే స్త్రీలకు జాతీయ కప్పు పోటీ మొదలైంది. జాతీయ లీగు ఇప్పుడున్న రూపంలో మొదలైంది 2013లో. అంతకు ముందున్న పోటీలు నాలుగేళ్ళు నడిచి ఆగిపోతూ వచ్చాయి. 2013 నాటికి ఫొర్మీగాకు ముప్ఫై ఐదేళ్ళు. అంటే తన దేశంలో నిలకడైన లీగు ఏర్పడేటప్పటికి, మామూలుగా ఆటగాళ్ళు రిటైరయ్యే వయసు ఆమెది. అందుకే ఆమె బతుకుదెరువు స్వీడన్, అమెరికా, ఫ్రాన్స్ దేశాల క్లబ్బుల చుట్టూ తిరిగింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 2015లో కెనడా ప్రపంచ కప్పులో దక్షిణ కొరియా మీద గోలు వేసినప్పుడు ఆమెకు ముప్ఫై ఏడేళ్ళు. మహిళా ప్రపంచ కప్పులో గోలు వేసినవారందరిలో పెద్ద వయస్కురాలు. 2016 చివర్లో దేశపు జట్టు నుంచి విరమించుకుంది. 2017లో ప్యారిస్ క్లబ్బులో చేరింది. 2018లో శిక్షకుడు ఆమెను మళ్ళీ జట్టులోకి పిలిచాడు. 2019 ఫ్రాన్స్ ప్రపంచ కప్పులో నలభై ఒకటో ఏట ఆడింది. టోక్యోలో నలభై మూడో ఏట ఆడింది. ఈ సంఖ్యలను పత్రికలన్నీ అద్భుతమని రాశాయి. అద్భుతమే, కాదనను. ఆమె క్రమశిక్షణ, దేహదారుఢ్యం, ఆటను చదివే తెలివి సామాన్యమైనవి కావు. ఐతే ఆ సంఖ్యలను మరోవైపు నుంచి కూడా చదవాలి. ఫుట్‌బాల్‌కు పుట్టిల్లని పేరు పొందిన, ఇరవై కోట్లకు పైగా జనాభా ఉన్న దేశంలో నలభై ఏళ్ళ స్త్రీని వెనక్కి పిలవవలసిన అవసరం ఎందుకొచ్చింది? ఆమె చోటులో నిలబడగల ఇరవై ఏళ్ళ అమ్మాయిలను తయారుచేసే బాలికల జట్లు, పాఠశాలల పోటీలు, ప్రాంతీయ లీగులు లేనందువల్ల వచ్చింది. 2019లో ఫ్రాన్స్ చేతిలో ఓడిన వెంటనే మార్తా కన్నీళ్ళతో తన దేశపు అమ్మాయిలతో మాట్లాడింది. ఫొర్మీగా గానీ, తాను గానీ, క్రిస్టియాన్ గానీ ఎల్లకాలం ఉండరని, ఈ ఆట బతకటం మీ మీదనే ఆధారపడి ఉందని చెప్పింది. ఆ మాటల్లో ఉన్న భయం ఇదే.

ఆమె సుదీర్ఘ క్రీడాజీవితం వ్యక్తిగా ఆమె గెలుపు. అదే సమయంలో అది వ్యవస్థ మీద అభియోగపత్రం. మొదటిదాన్ని మాత్రమే చెప్పటం స్తోత్రం అవుతుంది. రెండోదాన్ని మాత్రమే చెబితే ఆమెను ఒక సాక్ష్యపు కాగితంగా మార్చినట్టవుతుంది. చీమ అనే పేరులో కూడా ఈ ప్రమాదం ఉంది. ఓర్పు, కష్టపడే గుణం అని పొగుడుతూ పోతే, ఆ ఓర్పు ఎందుకు అవసరమైందో అడగటం మరిచిపోతాం.

క్రీడాకారిణులు ఓర్పుతో మాత్రమే సరిపెట్టుకోలేదు. 2017లో ఆ దేశపు జట్టుకు తొలి మహిళా శిక్షకురాలైన ఎమిలీ లీమాను పదినెలలకే తొలగించినప్పుడు క్రిస్టియాన్‌తో సహా కొందరు జట్టు వదిలిపెట్టారు. సమాఖ్య పాలనలో స్త్రీలకు చోటు కావాలని బహిరంగ లేఖ రాశారు. 2019 నుంచి పై తరగతి పురుషుల క్లబ్బులు స్త్రీల జట్టు కూడా నడిపి తీరాలనే నిబంధన అమల్లోకి వచ్చింది. 2020 సెప్టెంబరులో, దేశపు జట్లకు ఆడే స్త్రీపురుషులకు దినభత్యాలు సమానంగా ఇస్తామని సమాఖ్య ప్రకటించింది. ఆ నాటికి ఫొర్మీగా దేశం తరఫున ఆడటం మొదలుపెట్టి పాతికేళ్ళు దాటింది. 2027 మహిళా ప్రపంచ కప్పును బ్రెజిల్‌కు అప్పగిస్తూ 2024 మేలో నిర్ణయం జరిగింది. స్త్రీల ఆటను నేరంగా చూసిన గడ్డకు ఆ ఆట పండుగ దక్కటం చిన్న విషయం కాదు. దాన్ని సాధించింది కాలం కాదు, ఆడినవాళ్ళు.

ఫొర్మీగా చివరిసారి దేశపు జట్టు దుస్తుల్లో కనిపించింది 2021 నవంబరు 25న, అమెజాన్ అడవుల నడుమ ఉన్న మనౌస్ నగరంలో. ఎదుటి జట్టు మన భారత జట్టు. ఎనిమిదో నిమిషంలో మనీషా కల్యాణ్ గోలు వేసి స్కోరు సమం చేసింది. చివరకు బ్రెజిల్ 6-1తో గెలిచింది. రెండో సగం చివర్లో ఫొర్మీగా మైదానంలోకి వచ్చి, రెండు వందల ముప్ఫైకి పైగా అంతర్జాతీయ ఆటలు ఆడిన జీవితాన్ని అక్కడ ముగించింది.

ఆ స్కోరు చూసి, మన ఆడపిల్లలు ఇప్పుడిప్పుడే మొదలుపెట్టారు కదా అని ఎవరైనా అనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. మళ్ళీ అదే తప్పు! బ్రెజిల్‌లో నిషేధం రద్దైన వారాల్లోనే, 1980 జనవరిలో, కోళికోడ్‌లో జరిగిన ఆసియా మహిళల పోటీలో భారత జట్టు ఫైనల్ దాకా వెళ్ళింది. 1983లోనూ ఆసియాలో రెండో స్థానం మనదే. ఆ రోజున బ్రెజిల్ స్త్రీలకు అధికారికంగా దేశపు జట్టే లేదు. అంటే మనం ఆలస్యంగా మొదలుపెట్టలేదు, మొదలుపెట్టినదాన్ని నిలబెట్టుకోలేదు. మన దగ్గర ఏ శాసనమూ అడ్డు రాలేదు. శాసనం చేసే పనిని నిర్లక్ష్యం నిశ్శబ్దంగా చేసిపెట్టింది. నిషేధానికి తేదీ ఉంటుంది, నంబరు ఉంటుంది, అందుకని దాని మీద పోరాడవచ్చు. నిర్లక్ష్యానికి అవేవీ ఉండవు.

సాహిత్య విద్యార్థులకు ఈ కథతో పనేమిటంటే, "ఆలస్యంగా" అనే మాట మన పుస్తకాల్లోనూ ఉంది. 1902లో భండారు అచ్చమాంబ "ధనత్రయోదశి" కథ అచ్చైనా, ఎన్నో దశాబ్దాలు తెలుగు కథకు ఆరంభం 1910 అనే చదువుకున్నాం. కాబట్టి ఎవరి గురించైనా ఆలస్యంగా వచ్చారని రాయబోయే ముందు, ఎవరైనా ఆపారా అని ఒకసారి వెతకటం మన బాధ్యత. తరగతిలో ఆ ప్రశ్న వేసిన అమ్మాయి పేరు నేను అడగలేదు. ఆమె ఈ పత్రిక చదువుతూ ఉంటే, నా జవాబును ఇలా దిద్దుకోవాలని కోరుతున్నాను: ఆడారమ్మా. ఆపారు. ఆపినా ఆడారు.